ఈ శని, ఆదివారాలు కామారెడ్డిలోనే

శనివారం మధ్యాహ్నం రెండు దాటితే కామారెడ్డి బస్టాండులో పట్నం బస్సులకు రద్దీ మొదలవుతుంది. వీపున సంచి తగిలించుకున్న డిగ్రీ, పీజీ పిల్లలు గుంపులుగా వచ్చి నిలబడతారు. గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి పిల్లలు తమ ఊళ్ల బస్సుల కోసం చూస్తుంటే, తక్కినవాళ్లు హైదరాబాద్ బస్సు ఎక్కేస్తారు. అదే వేళకు హాస్టల్లో ఉన్న బిడ్డను చూసిపోదామని వచ్చిన తల్లిదండ్రులు కనిపిస్తారు. సకినాల డబ్బా చేతిలో పెట్టి, కాలేజీ చెట్టు కింద గంటసేపు కూర్చుని, చీకటి పడకముందే తిరుగు బస్సు అందుకుంటారు. ఒక రాత్రి ఉండిపోదామన్న ఆలోచన ఎవరికీ రాదు. ఇక్కడ చూడ్డానికేముంది అన్న మాట పిల్లల నోటా వస్తుంది, పెద్దల నోటా వస్తుంది.

చాలా ఉంది. గంటన్నర ప్రయాణానికి లోపల యునెస్కో అవార్డు పొందిన కోట ఒకటి, నిజాం నాటి ఆనకట్టలు రెండు, జింకలు తిరిగే అభయారణ్యం ఒకటి, పూడిక తీసి బతికించుకున్న మెట్ల బావి ఒకటి ఉన్నాయి. ఇన్ని ఉన్నా మూడేళ్లు ఇక్కడ చదివి వీటిలో ఒక్కటీ చూడకుండా పట్టా పుచ్చుకుని వెళ్లేవాళ్లు ఎందరో. ఇందులో పిల్లల తప్పు కొంచెమే. కాలేజీలు చెప్పలేదు, బస్సులు కలపలేదు, దారిలో బోర్డులు లేవు.

కామారెడ్డి చాలాకాలంగా చదువుల ఊరు. నిజాం కాలంలో హైదరాబాద్ నుంచి మన్మాడ్ వైపు వేసిన రైలు మార్గం ఈ ఊరి మీదుగానే పోతుంది. బెల్లం వ్యాపారం పెరిగింది ఆ రైలు దన్నుతోనే. చుట్టుపక్కల మండలాల పిల్లలు డిగ్రీ అంటే ఇక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాలకే వస్తారు. పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడిచే డెయిరీ టెక్నాలజీ కళాశాల కూడా ఇక్కడే ఉంది. పాల సేకరణ నుంచి పొడి తయారీ దాకా నేర్పే ఆ చదువు కోసం వేరే జిల్లాల పిల్లలు కూడా ఈ ఊరొచ్చి ఉంటారు. 2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడిపడి కొత్త జిల్లా ఏర్పడ్డాక కలెక్టరేటు వచ్చింది, జనం పెరిగారు. 2023 ఎన్నికల్లో ఇద్దరు ముఖ్యమంత్రి స్థాయి నేతలు ఒకేసారి ఇక్కడ పోటీచేసి ఓడిపోయినప్పుడు దేశమంతా ఈ ఊరి పేరు విన్నది. అయినా యాత్రికుడిగా సంచి సర్దుకుని కామారెడ్డి వచ్చేవాడు మాత్రం అరుదు.

శనివారం పూట భిక్కనూరుతో మొదలుపెట్టడం మేలు. కామారెడ్డి నుంచి హైదరాబాద్ వైపు అరగంట దూరం. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయానికి డిచ్‌పల్లి ప్రధాన ప్రాంగణమైతే, భిక్కనూరు దక్షిణ ప్రాంగణం. అంతకుముందు ఉస్మానియా పీజీ సెంటరుగా ఉన్న చోటు ఇది. ఊళ్లో ఉన్న సిద్ధరామేశ్వరాలయాన్ని ఇక్కడివాళ్లు దక్షిణ కాశీ అంటారు. శివరాత్రికి ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది.

ఈ భిక్కనూరు పాత పేరు బిక్కనవోలు. ఆ పేరు విన్న తెలుగు ఎం.ఏ. విద్యార్థి ఒక క్షణం ఆగాలి. షట్చక్రవర్తి చరిత్ర, శివధర్మోత్తరం, పద్మపురాణం రాసిన కామినేని మల్లారెడ్డి ఏలుబడి ఇక్కడే. ప్రబంధ సాహిత్యం అనగానే పెనుకొండ, హంపి, తంజావూరు, మధుర గుర్తొస్తాయి. ఈ ప్రాంతంలో ఒక సంస్థానాధీశుడు రాజ్యమేలుతూనే మూడు పెద్ద కావ్యాలు రాశాడన్న సంగతి పరీక్ష పేపర్లో రెండు మార్కుల ప్రశ్నగా మిగిలిపోతే అది మన నష్టం. ఆయన ఊళ్లోనే విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉండగా, ఆయన పేరిట ఏటా ఒక సాహిత్య సభ పెట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

మల్లారెడ్డి వంశం తర్వాత దోమకొండలో స్థిరపడింది. ఆ వంశంలోని కామిరెడ్డి పేరు మీదే కామారెడ్డికి ఆ పేరు వచ్చిందని చెప్తారు. దోమకొండ గడి కోట ఇప్పుడున్న రూపం చాలావరకు పద్దెనిమిదో శతాబ్దానిది. చుట్టూ రాతి ప్రాకారం, కందకం, బురుజులు. లోపల అద్దాల మేడ, దాని పక్కన రాజభవనాలు, వాటన్నిటికంటే పాతదైన మహాదేవుని గుడి. గుడి కాకతీయుల నాటిది, ఆ స్తంభాల పనితనం చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు. కొంతకాలం కిందట గోడలు కూలి, చెట్లు మొలిచి ఉన్న కోట ఇది. కామినేని కుటుంబమే పూనుకుని, సంరక్షణ వాస్తుశిల్పి అనురాధా నాయక్ పర్యవేక్షణలో, పాత పద్ధతిలో సున్నం గచ్చుతో ఏళ్ల తరబడి బాగుచేయించింది. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డుల్లో దోమకొండ కోటకు మెరిట్ పురస్కారం దక్కింది. అదే ఏడాది గోల్కొండ మెట్ల బావులకూ అవార్డు వచ్చింది. ముంబయి బైకులా రైల్వే స్టేషన్ సరసన కామారెడ్డి జిల్లాలోని ఒక ఊరి పేరు ఆ జాబితాలో కనిపించడం చిన్న విషయం కాదు.

ఇక్కడ ఆలోచించాల్సింది ఒకటుంది. తెలంగాణలో గడి అంటే మొదట గుర్తొచ్చేది వెట్టి, దొరతనం. ఆ జ్ఞాపకం న్యాయమైనదే, దాన్ని చెరిపేయాల్సిన పని లేదు. కోట గోడలు నిలబెట్టినంత శ్రద్ధగా, ఆ గోడలు కట్టిన వడ్డెరల గురించి, శిల్పుల గురించి, బయట పొలాల్లో చెమటోడ్చిన రైతుల గురించి కూడా ఒక గదిలో చెప్పగలిగితే పిల్లలకు చరిత్ర పూర్తిగా అందుతుంది. చరిత్ర చదివే విద్యార్థులు దోమకొండలో పది ఇళ్లు తిరిగి ముసలివాళ్ల నోటి మాటలు రికార్డు చేస్తే చాలు, సగం పని అయిపోతుంది. కోట ప్రైవేటు ట్రస్టు ఆధీనంలో ఉంది కాబట్టి వెళ్లేముందు వేళలు కనుక్కుని బయల్దేరాలి.

సాయంత్రానికి కామారెడ్డి చేరుకుంటే బెల్లం దుకాణాల వైపు ఒక నడక. చెరకు గానుగాడే కాలంలో వస్తే తాజా బెల్లం వాసన వీధి మొదట్లోనే తగులుతుంది. చలికాలం ముందు, అక్టోబరు, నవంబరుల్లో, చుట్టుపక్కల గుట్టల మీది సీతాఫలాలు బుట్టల్లో దిగుతాయి. వానకాలంలో రోడ్డు పక్కన నిప్పుల మీద కాల్చిన మక్క కంకులు. రాత్రికి జొన్న రొట్టె, పక్కన ఎర్ర కారం. హోటల్ మెనూల్లో వెతికితే ఇవి దొరకవు, బండ్ల మీదా చిన్న మెస్సుల్లోనూ దొరుకుతాయి.

ఆదివారం తెల్లవారుజామున బయల్దేరాలి. తోవ ఎల్లారెడ్డి రోడ్డు.

తాడ్వాయి దాటి లింగంపేటలో మొదటి మజిలీ, నాగన్న బావి. పద్దెనిమిదో శతాబ్దపు మెట్ల బావి ఇది. పైనుంచి చూస్తే ఒక పెద్ద చతురస్రం. కిందికి దిగుతున్న కొద్దీ కమానులు, మండపాలు, అంతస్తుల కొద్దీ రాతిపని కనిపిస్తుంది. ఎండాకాలంలో కూడా అడుగు మెట్ల దగ్గర చల్లగా ఉంటుంది. మొన్నమొన్నటి దాకా చెత్తతో, పూడికతో నిండిన బావి ఇది. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట బావిని బాగుచేసిన కల్పనా రమేశ్ బృందం జిల్లా యంత్రాంగంతో కలిసి దీన్నీ శుభ్రం చేసి ప్రాణం పోసింది. బన్సీలాల్‌పేట బావి 2022 డిసెంబరులో తెరుచుకున్నాక రోజూ జనం వెళ్తున్నారు, ఫొటోలు దిగుతున్నారు. లింగంపేట బావి దానికి ఏ విధంగానూ తీసిపోదు. తేడా అల్లా ఒకటి నగరంలో ఉంది, ఇంకొకటి పల్లెలో ఉంది. సివిల్ ఇంజినీరింగ్ పిల్లలు కొలతలు తీసుకుని వెళ్లి బొమ్మ గీసుకోదగిన నిర్మాణం. సిమెంటు లేకుండా అంత లోతున మట్టి ఒత్తిడిని గోడ ఎలా ఆపుతోందో అక్కడ నిలబడి ఆలోచిస్తే, తరగతిలో రెండు గంటలు చెప్పినా ఎక్కని పాఠం ఎక్కుతుంది.

ఎల్లారెడ్డి దాకా వచ్చాక దారి రెండుగా చీలుతుంది. ఎడమకు తిరిగి మెదక్ వైపు వెళ్తే పోచారం, ముందుకు వెళ్తే నిజాంసాగర్. ఒక్క రోజులో రెండూ చూడొచ్చు, తొందరగా బయల్దేరితే.

పోచారం ఆనకట్టను మంజీర ఉపనది మీద 1916లో మొదలుపెట్టి 1922లో పూర్తిచేశారు. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట మండలాల పొలాలకు దీని నీళ్లే ఆధారం. చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాం వేట స్థలం. 1952లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 130 చదరపు కిలోమీటర్లు, మెదక్, కామారెడ్డి జిల్లాల్లో పరుచుకుని ఉంది. చుక్కల దుప్పులు, కణుజులు, నీల్గాయిలు, ఎలుగులు, చిరుతలు ఉండే అడవి. జింకల పెంపక కేంద్రం ఉంది కాబట్టి చిన్నపిల్లలతో వచ్చిన తల్లిదండ్రులకు నిరాశ ఉండదు. చలికాలంలో పట్టతల బాతులు హిమాలయాలు దాటి ఈ చెరువు మీద వాలతాయి. బైనాక్యులర్ ఒకటి వెంట ఉంటే ఆ పూట ధన్యం.

ఈ ఆనకట్ట గురించి ప్రతి ఇంజినీరింగ్ విద్యార్థీ తెలుసుకోవాల్సిన ఇటీవలి సంగతి ఉంది. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లా మీద ఆకాశం విరిగిపడింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో నలభై సెంటీమీటర్లకు పైగా వాన. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. ఎల్లారెడ్డి రోడ్డు తెగిపోయింది. పోచారంలోకి లక్షన్నర క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. కట్టిన నాడు వేసుకున్న అంచనాకు అది రెట్టింపు కంటే ఎక్కువ. కట్ట తెగుతుందేమోనని దిగువ గ్రామాలు రాత్రంతా కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్నాయి. నూరేళ్లు దాటిన ఆ రాతి కట్టడం తట్టుకుని నిలిచింది. మత్తడి మీదుగా నీళ్లు దూకిన ఆ తావును చూడ్డానికి వెళ్లేవాళ్లు సెల్ఫీతో ఆగిపోకుండా, అంత నీటిని అది ఎలా వదిలిందో, ఎక్కడ కోతపడిందో, ఎక్కడ మరమ్మతు జరిగిందో నీటిపారుదల సిబ్బందిని అడిగి తెలుసుకోవాలి. ఇప్పుడు కడుతున్న ప్రాజెక్టుల గురించి మాట్లాడే అర్హత అప్పుడే వస్తుంది.

పోచారం నుంచి మెదక్ దగ్గర. సమయం ఉన్నవాళ్లు చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన చర్చిని కూడా చూసి రావొచ్చు. 1914లో పునాది పడి, 1924 డిసెంబరు 25న ప్రార్థనలకు తెరుచుకుంది. కరువు రోజుల్లో పని, తిండి దొరికిన కూలీల చేతుల మీదుగా లేచిన గుడి అని మెదక్ వాళ్లు గౌరవంగా చెప్పుకుంటారు.

నిజాంసాగర్ ముందు ఇవన్నీ చిన్నవిగా కనిపిస్తాయి. మంజీర మీద, అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య, 1923లో మొదలై 1931లో పూర్తయింది. రూపశిల్పి నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఇంగ్లండులో కూపర్స్ హిల్ కళాశాలలో చదివి వచ్చి హైదరాబాద్ రాజ్యం చీఫ్ ఇంజినీరయ్యారు. ఆయన పుట్టినరోజు జూలై 11ను తెలంగాణ రాష్ట్రం ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకుంటోంది. కట్ట పొడవు మూడు కిలోమీటర్ల వరకు ఉంటుంది. దానికోసం దాదాపు నలభై ఊళ్లు ఖాళీ అయ్యాయి. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీళ్లివ్వాలన్నది లక్ష్యం. బాన్సువాడ, బోధన్ ప్రాంతాల్లో వరి, చెరకు పండి, 1930ల చివర్లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసిందంటే అది ఈ నీళ్ల వల్లే. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఆనకట్ట కూడా బాధలో ఉంది. మొదట దాదాపు ముప్పై టీఎంసీలు పట్టిన జలాశయం పూడికతో కుదించుకుపోయి ఇప్పుడు 17.8 టీఎంసీలే పడుతోంది. గేట్లు ఎత్తినప్పుడు చూడ్డానికి జిల్లాలు దాటి జనం వస్తారు. నీళ్లు తగ్గినప్పుడు ఎవరూ రారు. కానీ పూడిక ఎంత పేరుకుందో కంటికి తెలిసేది అప్పుడే. ఆనకట్ట దగ్గరి గోల్ బంగ్లా వద్ద నిలబడి చూస్తే రెండు దృశ్యాలూ గొప్పవే. వరద కాలంలో మాత్రం పోలీసులు గీసిన గీత దాటకూడదు.

ఇంకా తెగువ ఉన్నవాళ్లు జుక్కల్ మండలంలోని కౌలాస్ కోట దాకా వెళ్లాలి. దానికి వేరే రోజు పెట్టుకోవడం మంచిది. 1857 తిరుగుబాటు కాలంలో కౌలాస్ రాజు దీప్‌సింగ్, రంగారావు పట్వారీతో కలిసి బ్రిటిష్ వాళ్ల మీద కుట్ర చేశాడని పట్టుబడ్డాడు. రంగారావును అండమాన్‌కు పంపారు. దీప్‌సింగ్‌కు జైలు శిక్ష పడింది. 1857 అంటే మీరట్, ఝాన్సీ అని చదువుకునే పిల్లలకు తమ జిల్లా కొండ మీదే ఆ కథ జరిగిందని ఎవరు చెప్పాలి?

తిరుగు ప్రయాణానికి వచ్చిన తోవనే రావద్దు. నిజాంసాగర్ నుంచి బాన్సువాడ, అక్కడి నుంచి గాంధారి మీదుగా కామారెడ్డి చేరాలి. గాంధారి పేరు వినగానే కొందరు కోట కోసం వెతుకుతారు. గాంధారి ఖిల్లా ఉన్నది ఇక్కడ కాదు, మంచిర్యాల జిల్లా మందమర్రి దగ్గర. ఈ గాంధారి ఎల్లారెడ్డి నియోజకవర్గంలోని మండల కేంద్రం. అడవి అంచున పొలాలు, ఆ పొలాల మధ్య తండాలు. ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కనంతా తిరిగి సైన్యాలకు సరుకు అందించిన బంజారాలు ఇక్కడ స్థిరపడి సేద్యం చేస్తున్నారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో రాష్ట్రంలో వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. ఆ మార్పు ఎలా ఉందో, సర్పంచి కుర్చీలో తండా మనిషి కూర్చుంటే ఏం జరిగిందో చూడాలంటే గాంధారి మండలం మంచి చోటు. రాజనీతిశాస్త్రం విద్యార్థికి ఇంతకంటే దగ్గరి పాఠం దొరకదు.

శ్రావణంలో వస్తే తీజ్ పండుగ. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు నాటి తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. ఆఖరి రోజు ఆటపాటలతో తీసుకెళ్లి నీళ్లలో కలుపుతారు. ఫిబ్రవరిలో సేవాలాల్ జయంతి. ఆ రోజుల్లో తండాకు వెళ్లిన కొత్తవాళ్లను పక్కన నిలబెట్టరు, కూర్చోబెట్టి అన్నం పెడతారు. పెద్దలను పలకరించి, అడిగి ఫొటో తీసుకోవడం వెళ్లినవాళ్ల మర్యాద.

కామారెడ్డి లాంటి చదువుల ఊరే అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఒకటుంది, ఇథాకా. 1865లో కార్నెల్ విశ్వవిద్యాలయం అక్కడ ఏర్పడింది. స్నాతకోత్సవానికి వెళ్లే తెలుగు తల్లిదండ్రులు రెండు మూడు రోజులుండి లోయలు, జలపాతాలు, వారాంతపు రైతుబజారు చూసి వస్తారు. ఇంటికొచ్చి అందరికీ ఫొటోలు చూపిస్తారు. ఆ ఊరికి తన నీళ్ల గురించి, రాళ్ల గురించి చెప్పుకోవడం తెలుసు. నిజాంసాగర్ పక్కన పుట్టినవాళ్లకు ఆ విద్య రాకపోవడానికి కారణం ఏమీ లేదు.

చేయాల్సిన పనులు పెద్దవేం కావు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. హాస్టల్ అమ్మాయిలు ఖర్చు లేకుండా నిజాంసాగర్ వెళ్లొచ్చే వీలు చేతిలోనే ఉంది. లేనిదల్లా ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగి తెచ్చే బస్సు. అరుణాచలానికి, నాగార్జునసాగర్‌కు ప్యాకేజీలు నడిపే ఆర్టీసీ, కామారెడ్డి డిపో నుంచి ఆదివారాలు లింగంపేట, పోచారం, నిజాంసాగర్, గాంధారి చుట్టి వచ్చే ఒక్క బస్సు వేయడం కష్టమైన పని కాదు. మొదటి నెలల్లో సీట్లు నిండకపోవచ్చు, అయినా ఆపకూడదు. 1969 నుంచి నడుస్తున్న ఎన్ఎస్ఎస్ యూనిట్లు ప్రతి కాలేజీలో ఉన్నాయి. ఏటా శిబిరం పెట్టి ఊరు ఊడ్చి రావడంతో పాటు, ఒక్కో యూనిట్ ఒక్కో చోటును తీసుకుని అక్కడికొచ్చేవాళ్లకు దారి చూపే బాధ్యత పెట్టుకోవచ్చు. నాగన్న బావి గురించి నాలుగు మాటలు చెప్పగలిగిన లింగంపేట పిల్లవాడికి ఆదివారం నాలుగు వందలు దొరికితే చదువు ఖర్చుకూ వస్తుంది.

బోర్డుల సంగతి మరీ ముఖ్యం. జాతీయ రహదారి మీద దోమకొండ మలుపు దగ్గర, ఎల్లారెడ్డిలో దారులు చీలే చోట, లింగంపేట ఊరి మొదట్లో, తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఎన్ని కిలోమీటర్లో రాసి పెట్టాలి. బావి దగ్గర, ఆనకట్ట దగ్గర శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీరు ఉండాలి. ఆడవాళ్లు కుటుంబాలతో ఆగుతారా లేదా అన్నది తేల్చేది ఇవే. చరిత్ర ఎంత గొప్పదైనా మరుగుదొడ్డి లేని చోట తల్లులు ఆగరు.

వచ్చే విద్యాసంవత్సరంలో కొత్తగా చేరే పిల్లలకు కాలేజీలు ఇచ్చే పుస్తకంలో హాజరు నియమాలు, ఫీజుల వివరాలతో పాటు ఈ చోట్ల పేర్లూ బస్సు వేళలూ ఒక పేజీలో అచ్చువేయాలి. బిడ్డను చూడటానికి వచ్చే తల్లిదండ్రులు శనివారం సాయంత్రం తిరుగు బస్సు ఎక్కకుండా ఒక్క రాత్రి ఆగాలి. దసరా నుంచి సంక్రాంతి దాకా నీళ్లు నిండుగా ఉంటాయి, ఎండ మెత్తగా ఉంటుంది. పక్షులు వచ్చే కాలమూ, సీతాఫలాలు దిగే కాలమూ అదే.